పాత కంప్యూటరులో బ్రౌజరు మాటిమాటికీ మూతపడితే: దోషాన్ని వెదికే క్రమం



2018 ఫిబ్రవరిలో తెలుగు లిపి ఒక విచిత్రమైన కారణంగా ప్రపంచ వార్తలకెక్కినది. ఆపిల్ సంస్థ ఫోన్లలోను, కంప్యూటర్లలోను ‘జ్ఞా’ అనే అక్షరం కంటికి కనిపించని ఒక సంకేతంతో కలిసి వచ్చినపుడు, దానిని తెరపై చూపబోయిన అప్లికేషను ఉన్నట్టుండి మూతపడేది. సందేశాలు చదివే అప్లికేషనుకూ అదే గతి, సఫారీ బ్రౌజరుకూ అదే గతి. మరల తెరిస్తే మరల మూతపడేది. నిజానికి చెడినది ఫోను కాదు. వైరసు సోకలేదు. తెలుగు లిపిలో లోపమూ లేదు. అక్షరాలను పేర్చి తెరపై గీసే ప్రోగ్రాములో ఒక తప్పు దాగి ఉన్నది. ఫిబ్రవరి 19న ఆపిల్ విడుదల చేసిన చిన్న సవరణతో ఆ సమస్య తీరినది. ఆ కారణంగా ఫోను మార్చవలసిన అవసరం ఎవరికీ కలుగలేదు.

ఈ సంఘటన నేర్పే పాఠం ఒక్కటే. మూతపడిన వస్తువు ఒకటి, దోషం ఉన్న చోటు మరొకటి కావచ్చును. ఇంటిలోని పాత కంప్యూటరులో బ్రౌజరు మాటిమాటికీ మూతపడుతున్నపుడు ‘ఇది పాతబడిపోయినది, కొత్తది కొనవలసినదే’ అని తీర్పు చెప్పడం సులభం. ఆ తీర్పు కొన్నిసార్లు సరియైనదే. కాని దోషం ఎక్కడ ఉన్నదో చూడక ముందే చెప్పిన తీర్పు ఇంటి ఖర్చును పెంచవచ్చును, దోషాన్ని మాత్రం అట్లే ఉంచవచ్చును.

ఒక ఇంటి ఉదాహరణ

బెంగళూరులో మూడు తరాలుగా స్థిరపడిన ఒక తెలుగు కుటుంబాన్ని ఊహించుకోవచ్చును. ఇంటిలో 2012 ప్రాంతంలో కొన్న కంప్యూటరు ఒకటి ఉన్నది. అందులో విండోస్ 7, రెండు జీబీల ర్యామ్, క్రోమ్ బ్రౌజరు ఉన్నవి. పింఛను వివరాలు చూచుకొనేది, ఆస్తి పన్ను కట్టేది తాతగారు. ఆయన కన్నడం ధారాళంగా మాట్లాడుతారు గాని, చదవడం నిదానం. అందుచేత కన్నడ పుటలను తెలుగులోకి మార్చి చూపే ఎక్స్‌టెన్షన్లు రెండు, తెలుగు టైపింగుకు మరొకటి బ్రౌజరులో చేర్చుకున్నారు.

పన్ను రాయితీకి చివరి రోజున ఆయన వివరాలన్నీ నింపి, చెల్లింపు మీట నొక్కారు. బ్రౌజరు మూతపడినది. బ్యాంకు నుండి సొమ్ము తగ్గినట్లు ఫోనుకు సందేశం వచ్చినది గాని, రసీదు రాలేదు. గడువు దాటుతుందన్న ఆందోళనతో ఆయన మరల చెల్లించబోయారు. అప్పుడు మనుమరాలు, “తాతగారూ, కాసేపు ఆగండి. సొమ్ము ఎక్కడికి వెళ్ళినదో ముందు చూద్దాం” అన్నది.

ఆ అమ్మాయి చెప్పినది సరియైన మాట. చెల్లింపు మధ్యలో బ్రౌజరు మూతపడినంత మాత్రాన చెల్లింపు ఆగిపోయినట్లు కాదు. బ్రౌజరు ఆ ఇంటిలో మూతపడినది గాని, బ్యాంకు కంప్యూటరు తన పని తాను చేసుకొనిపోవచ్చును. కనుక ముందుగా బ్యాంకు ఖాతా వివరాలను, తరువాత పన్ను ఖాతాలోని చెల్లింపు స్థితిని చూడవలెను. లావాదేవీ సంఖ్యను వ్రాసి ఉంచుకొనవలెను. ఇంటర్నెట్‌లో కార్డు ద్వారా చేసిన చెల్లింపులో ఖాతా నుండి సొమ్ము తగ్గి, అవతలి వారికి చెల్లింపు ధ్రువపడకపోతే, లావాదేవీ జరిగిన రోజు తరువాత అయిదు రోజుల లోపల సొమ్ము దానంతట అదే తిరిగి జమ కావలెను. ఆ గడువు దాటితే రోజుకు 100 రూపాయల వంతున పరిహారం ఇవ్వవలెను. ఇది రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరు 20న ఇచ్చిన ఆదేశం. ఈ విషయం తెలిసి ఉంటే, ఒకే పన్నును కంగారులో రెండుసార్లు చెల్లించే ప్రమాదం తప్పుతుంది.

పడిపోయినది ఏది?

‘క్రాష్ అయినది’ అనే ఒక్క మాట కింద నాలుగు వేర్వేరు సంఘటనలు దాగి ఉంటవి. వాటిని వేరు చేయడమే సగం చికిత్స.

మొదటిది, ఒక్క ట్యాబు మాత్రమే పడిపోయి, మిగిలినవి పనిచేస్తూ ఉండడం. 2008లో వెలువడినప్పటి నుండి క్రోమ్ తన ట్యాబులను వేర్వేరు ప్రక్రియలుగా నడుపుతున్నది. ఒక గదిలో దీపం ఆరితే ఇల్లంతా చీకటి కాకుండా చేసిన ఏర్పాటు వంటిది ఇది. ఒకే ట్యాబు పడిపోతున్నపుడు ఆ వెబ్‌సైటును గాని, మెమరీ కొరతను గాని ముందుగా అనుమానించవలెను.

రెండవది, బ్రౌజరు మొత్తం మాయమై, కంప్యూటరు మాత్రం మామూలుగా ఉండడం. అప్పుడు ఎక్స్‌టెన్షన్లు, తెర బొమ్మలను గీసే గ్రాఫిక్స్ డ్రైవరు, పాడైన ప్రొఫైలు, యాంటీవైరసు అనుమానితుల జాబితాలో ఉంటవి.

మూడవది, కంప్యూటరే నీలి తెర చూపి ఆగిపోవడం, లేదా దానంతట అది ఆరి మరల మొదలు కావడం. ఇది బ్రౌజరు పేరు మీద వచ్చినా, బ్రౌజరు దోషం కాకపోవడమే ఎక్కువ. ర్యామ్ ముక్క, వేడి, విద్యుత్తు సరఫరా, డ్రైవరు చూడవలసినవి.

నాలుగవది, అసలు మూతపడకుండా నిమిషాల తరబడి స్తంభించిపోవడం. ఇది నిదానమే గాని పతనం కాదు. పాత హార్డు డిస్కు, చాలని మెమరీ ఇందుకు సాధారణ కారణాలు.

తెలుగు అక్షరాలకు బదులు చదరపు డబ్బాలు కనిపించడం ఈ నాలుగింటిలో ఏదీ కాదు. అది లిపికి తగిన ఫాంటు లేకపోవడం వల్ల కలిగే ఇబ్బంది. దానికి బ్రౌజరును తీసివేయనవసరం లేదు.

చేయి వేయక ముందు

ఏ మార్పు చేయడానికైనా ముందు మూడు పనులు పూర్తి కావలెను. బుక్‌మార్కులను ఒక ఫైలుగా దాచుకొనవలెను. బ్రౌజరులో భద్రపరచిన పాస్‌వర్డులు వేరొక చోట కూడా ఉన్నవో లేవో చూచుకొనవలెను. ఒక నోటుపుస్తకం తెరవవలెను. బ్రౌజరును తీసివేసేటప్పుడు ‘బ్రౌజింగ్ సమాచారాన్ని కూడా తొలగించమంటారా’ అని అడిగే గడిలో గుర్తు పెట్టి, ఏళ్ళ తరబడి కూడబెట్టిన పాస్‌వర్డులు పోగొట్టుకొనే ప్రమాదం ఉన్నది. తీసివేసి మరల వేయడం చివరి పని, మొదటి పని కాదు.

నోటుపుస్తకం ఎందుకనగా, మూతపడిన ప్రతిసారీ తేదీ, సమయం, తెరచి ఉన్న పుటలు, చేస్తున్న పని వ్రాసుకోవడానికి. విండోస్‌లో ‘రిలయబిలిటీ హిస్టరీ’ అని వెదికితే, ఏ రోజున ఏ ప్రోగ్రాము పడిపోయినదో ఎర్ర గుర్తులతో చూపే పట్టిక ఒకటి కలదు. నోటుపుస్తకాన్ని ఆ పట్టికతో పోల్చి చూస్తే చాలా సందేహాలు తీరుతవి. ఒక కొత్త ప్రోగ్రాము వేసిన మరునాటి నుండే ఎర్ర గుర్తులు మొదలైతే, దారి దొరికినట్లే.

అన్నింటికంటె ముఖ్యమైన నియమం, ఒకసారికి ఒకే మార్పు. ఒకే పూట అయిదు మార్పులు చేస్తే, సమస్య తీరినా ఏది తీర్చినదో తెలియదు. మరల వస్తే మరల మొదటికే రావలెను.

మెమరీ లెక్క

పాత కంప్యూటరులో మొదట చూడవలసినది ర్యామ్. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కితే విండోస్ టాస్క్ మేనేజరు తెరుచుకుంటుంది. అందులో మెమరీ వాడకం ఎప్పుడూ 90 శాతం దాటి ఉంటే, బ్రౌజరు ఇరుకు గదిలో కాపురం చేస్తున్నట్లు లెక్క. క్రోమ్ తెరచి షిఫ్ట్, ఎస్కేప్ మీటలు నొక్కితే, ఏ ట్యాబు ఎంత మెమరీ తీసుకుంటున్నదో, ఏ ఎక్స్‌టెన్షను ఎంత తీసుకుంటున్నదో వరుసగా కనిపిస్తుంది.

ర్యామ్ నిండినపుడు విండోస్ హార్డు డిస్కులో కొంత చోటును తాత్కాలిక మెమరీగా వాడుకుంటుంది. పెళ్ళి వీడియోలతో, ఫోను నుండి దింపిన ఫోటోలతో సి డ్రైవు నిండిపోయి ఉంటే ఆ చోటు పెరగడానికి వీలుండదు. అప్పుడు బ్రౌజరు పడిపోతుంది. నింద బ్రౌజరు మీద పడుతుంది. వీడియోలను వేరొక డ్రైవుకు మార్చి కొన్ని జీబీల ఖాళీ కల్పిస్తే, పైసా ఖర్చు లేకుండా కుదుటపడిన కంప్యూటర్లు ఉంటవి. డిస్కులో చోటు మిగులుతుందని ఆ తాత్కాలిక మెమరీని పూర్తిగా ఆపివేయమని ఇచ్చే సలహా మంచిది కాదు.

ర్యామ్ పెంచాలనుకుంటే ముందు రెండు విషయాలు తెలుసుకొనవలెను. మొదటిది, మదర్‌బోర్డు ఏ రకం ర్యామ్‌ను, ఎంత వరకు అంగీకరిస్తుందో చూడవలెను. రెండవది, సాధారణంగా వాడే 32 బిట్ విండోస్ నాలుగు జీబీలకు మించిన ర్యామ్‌ను వాడుకోలేదు. అట్టి కంప్యూటరులో ఎనిమిది జీబీలు పెట్టించడం చిన్న చెంబులో కడివెడు నీళ్ళు పోయడమే.

ఎక్స్‌టెన్షన్లు, గ్రాఫిక్స్, ప్రొఫైలు

తరువాతి అనుమానం ఎక్స్‌టెన్షన్ల మీద. దీనిని తేల్చే పరీక్ష తేలిక. క్రోమ్‌లో ఇన్‌కాగ్నిటో కిటికీ తెరిస్తే, ప్రత్యేకంగా అనుమతించినవి తప్ప మిగిలిన ఎక్స్‌టెన్షన్లు పనిచేయవు. ఫైర్‌ఫాక్స్‌లో హెల్ప్ జాబితాలోని ‘ట్రబుల్‌షూట్ మోడ్’ కూడా ఎక్స్‌టెన్షన్లను తాత్కాలికంగా ఆపుతుంది, గ్రాఫిక్స్ వేగవర్ధకాన్ని కూడా ఆపుతుంది. ఆ స్థితిలో ఒకటి రెండు రోజులు పనిచేసినా బ్రౌజరు మూతపడకపోతే, సాధారణ స్థితికి వచ్చి అన్ని ఎక్స్‌టెన్షన్లను ఆపి, ఒక్కొక్కటిగా మరల ప్రారంభించవలెను. దేనితో మూతపడినదో అదే దోషి.

పరరాష్ట్ర నగరాలలో నివసించే తెలుగు కుటుంబాల బ్రౌజర్లలో అనువాదానికి ఒకటి, టైపింగుకు ఒకటి, నిఘంటువుకు ఒకటి చేరి ఉండడం సహజం. అనువాద ఎక్స్‌టెన్షను పుటలోని ప్రతి వాక్యాన్నీ చదివి మార్చవలసి ఉంటుంది. ఒకే పుటను రెండు ఎక్స్‌టెన్షన్లు ఏకకాలంలో మార్చబోతే, పాత యంత్రం మీద భారం రెట్టింపవుతుంది. ఒక పనికి ఒకటే ఉంచుకోవడం ఉత్తమం. ప్రతి పుటనూ చదివే అనుమతి ఉన్న ఎక్స్‌టెన్షను బ్యాంకు పుటను కూడా చదవగలదన్న సంగతి మరువరాదు.

మూడవ అనుమానితుడు గ్రాఫిక్స్ డ్రైవరు. బ్రౌజర్లు తెరపై బొమ్మలు గీసే పనిని వీలైనంత వరకు గ్రాఫిక్స్ చిప్పుకు అప్పగిస్తవి. చిప్పు పాతదై, దాని డ్రైవరుకు సవరణలు ఆగిపోయి ఉంటే, వీడియో చూచేటపుడో, పటాలు తెరిచినపుడో తెర నల్లబడి బ్రౌజరు మూతపడుతుంది. సెట్టింగ్స్‌లోని సిస్టమ్ విభాగంలో గ్రాఫిక్స్ లేదా హార్డ్‌వేర్ యాక్సెలరేషన్ అనే మీటను ఆపి, బ్రౌజరును మరల ప్రారంభించవలెను. వీడియో కొంత నిదానించవచ్చును గాని, మూతపడడం ఆగితే కారణం తెలిసినట్లే.

ఈ మూడూ కావనుకున్నపుడు సెట్టింగ్స్‌ను తొలి స్థితికి తేవలెను. క్రోమ్‌లో ‘రీసెట్’ చేస్తే ఎక్స్‌టెన్షన్లు ఆగుతవి, బుక్‌మార్కులు, భద్రపరచిన పాస్‌వర్డులు ఉంటవి. ‘రిఫ్రెష్ ఫైర్‌ఫాక్స్’ ఎక్స్‌టెన్షన్లను తొలగించి, బుక్‌మార్కులను, పాస్‌వర్డులను నిలుపుతుంది. ఒకే కంప్యూటరులో రెండు యాంటీవైరసులు కాపలా కాస్తుంటే, అవి పరస్పరం అడ్డుపడవచ్చును. ఒకదానిని తీసివేయడం మంచిది.

యంత్రంలోనే దోషం ఉంటే

బ్రౌజరే కాక ఇతర ప్రోగ్రాములు కూడా పడిపోతున్నవంటే యంత్రాన్ని పరీక్షించవలెను. స్టార్టు మెనులో ‘విండోస్ మెమరీ డయాగ్నస్టిక్’ అని వెదికితే ర్యామ్‌ను పరీక్షించే సాధనం విండోస్‌లోనే దొరుకుతుంది. వాడిన కొంతసేపటికి, ముఖ్యంగా ఎండాకాలంలో మాత్రమే ఆగిపోతుంటే, ఫ్యాను మీద పేరుకున్న దుమ్మును శుభ్రం చేయించవలెను. హార్డు డిస్కు కటకటమని శబ్దం చేస్తుంటే, మరమ్మతు ఆలోచనకు ముందే ఫోటోలను, పత్రాలను వేరొక చోటికి చేర్చవలెను. బ్రౌజరు మరల దొరుకుతుంది. కుటుంబ చిత్రాలు మరల దొరకవు.

మూతపడకపోవడం వేరు, భద్రత వేరు

ఉదాహరణలోని ఇంటికి మరల రావచ్చును. రెండు రోజుల తరువాత పన్ను ఖాతాలో చెల్లింపు నమోదైనట్లు కనిపించినది. మరల చెల్లించి ఉంటే, అదనపు సొమ్ము కోసం కార్యాలయం చుట్టూ తిరగవలసి వచ్చేది. మనుమరాలు వారం రోజులపాటు ఒక్కొక్క మార్పు చేస్తూ వచ్చినది. అనువాద ఎక్స్‌టెన్షన్లలో ఒకదానిని తీసివేయగా ట్యాబులు పడిపోవడం తగ్గినది. గ్రాఫిక్స్ వేగవర్ధకాన్ని ఆపగా కిటికీ మొత్తం మాయమవడం ఆగినది. ఖర్చు ఏమీ కాలేదు. తాతగారు సంతోషించి, “ఇక బ్యాంకు పని కూడా ఇందులోనే చేసుకోవచ్చునా, అమ్మా?” అని అడిగారు.

దీనికి సమాధానం ‘వద్దు’. విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ సాధారణ భద్రతా సవరణలు 2020 జనవరి 14న ముగిసినవి. విండోస్ 8.1కు 2023 జనవరి 10న ముగిసినవి. ఆ రెండింటిపై పనిచేసే చివరి క్రోమ్ 2023 జనవరిలో వెలువడిన 109వ సంచిక. ఆ తరువాత క్రోమ్‌లో బయటపడిన లోపాలకు చేసిన సవరణలేవీ ఆ కంప్యూటరుకు చేరవు. విండోస్ 10కు సైతం సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసినది. మూతపడకుండా నడుస్తున్న బ్రౌజరు భద్రమైన బ్రౌజరు అనుకోవడం, తలుపు కిర్రుమనడం మానినది గనుక తాళం కూడా బాగున్నదనుకోవడం వంటిది.

అయినా ఆ కంప్యూటరును పారవేయనవసరం లేదు. లినక్స్ మింట్ వంటి ఉచిత వ్యవస్థను వేసుకొనవచ్చును. దానికి 64 బిట్ ప్రాసెసరు, కనీసం రెండు జీబీల ర్యామ్ కావలెను, నాలుగు జీబీలుంటే హాయిగా నడుస్తుంది. తెలుగు చదవడానికి, వ్రాయడానికి అందులో వీలున్నది. పెన్‌డ్రైవు నుండి నడిపి చూచి, నచ్చిన తరువాతనే యంత్రంలో వేసుకొనవచ్చును. అది వీలుకాని వారు పాత కంప్యూటరును చదువుకు, పాటలకు ఉంచుకొని, సొమ్ముతో ముడిపడిన పనులకు సవరణలు అందుతున్న ఫోనును గాని, వేరొక కంప్యూటరును గాని వాడవలెను. బెంగళూరు వన్, తమిళనాడులో ఇ-సేవై, మహారాష్ట్రలో ఆపలే సర్కార్ కేంద్రాలు కూడా ఉన్నవి.

చివరిగా ఒక హెచ్చరిక. బ్రౌజరు స్తంభించినపుడు ‘మీ కంప్యూటరుకు వైరసు సోకినది, వెంటనే ఈ నంబరుకు ఫోను చేయండి’ అని తెరంతా నిండే ప్రకటన నిజమైన హెచ్చరిక కాదు, మోసం. ఆ నంబరుకు ఫోను చేయరాదు. ఎవరో చెప్పిన ప్రోగ్రాము వేసి కంప్యూటరును వారి చేతికి ఇవ్వరాదు. టాస్క్ మేనేజరు ద్వారా బ్రౌజరును మూసివేస్తే చాలును. ఒకవేళ సొమ్ము పోయి ఉంటే ఆలస్యం చేయక 1930 నంబరుకు తెలుపవలెను.

తాతగారి కంప్యూటరు ఇప్పటికీ ఆ ఇంటిలో ఉన్నది. పక్కనే నోటుపుస్తకం కూడా ఉన్నది. అందులో ఏ రోజు ఏది మూతపడినదో, ఏ మార్పుతో కుదుటపడినదో మనుమరాలి వ్రాతలో తెలుగులో ఉన్నది. మరల ఎప్పుడైనా బ్రౌజరు మూతపడితే, ఆ ఇంటిలో మొదట తెరిచేది ఆ పుస్తకాన్నే.